బర్రె పోయాక పుట్టిన చెత్త: ఒక సెంటు పెరడు డైరీ

11 జూన్ 2023, ఆదివారం

మృగశిర కార్తె వచ్చి మూడు రోజులైంది, చినుకు లేదు. మా తెనాలి ఇంటి వెనక సరిగ్గా ఒక సెంటు ఖాళీ ఉంది, అంటే 48 గజాలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకరా, పెంకు ముక్కలూ, సిమెంటు గడ్డలూ అందులోనే కప్పెట్టారు. వాటి కింద డెల్టా నల్లమట్టి. ఎండాకాలం వేలు దూరేంత నెర్రెలు తీస్తుంది, వానాకాలం కాలి చెప్పు లాగేసుకుంటుంది. అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్ళు పోసి చూశాను, సాయంత్రం ఆరింటికి పోస్తే పొద్దున్న లేచేసరికి ఇంకా నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి.

ఇప్పుడున్నవి నిమ్మచెట్టు ఒకటి, జామ ఒకటి, అంట్లు తోమే గట్టు పక్కన అరటి పిలకలు మూడు, గోడవారన కరివేపాకు. నిమ్మకి నాలుగేళ్ళు, కాసినవి నాలుగు కాయలు. నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊళ్ళో ఉండి నిమ్మకాయ కొనుక్కు తినడం మా ఇంటి ప్రత్యేకత.

ఈ ఏడాది అనుకున్నది ఒక్కటే. వంటింటి తడిచెత్త గుప్పెడు కూడా గేటు దాటకూడదు, ఈ సెంటు నేలలోనే అరగాలి. లెక్కల టీచర్ని కాబట్టి ప్రతిదీ తూచి రాస్తాను. వేలాడదీసే స్ప్రింగు కాటా ఒకటి కొన్నాను. మొదటి వారం తూకం 6 కిలోల 400 గ్రాములు. ఐదుగురం ఉంటాం, కాబట్టి రోజుకి కిలోకి కాస్త తక్కువ.

కాటాకి సంచి తగిలిస్తుంటే అత్తయ్య చూసి నవ్వింది. ఆవిడ పుట్టిల్లు కొల్లిపర వైపు కృష్ణానది లంక. "మా ఇంట్లో చెత్త అనే మాట ఎక్కడుందమ్మాయ్? తొక్కలూ, బియ్యం కడుగూ, గంజీ అన్నీ కుడితి గోలెంలోకి. గోలెం బర్రెకి. బర్రె పేడ పెంటదిబ్బకి, దిబ్బ పొలానికి. బర్రె పోయాకే చెత్త పుట్టింది."

ఆ మాట పైన తేదీ వేసి మరీ రాసుకున్నాను. అంటే ఇప్పుడు నేను చేయాల్సింది బర్రె చేసే పని.

2 జూలై

పెరడు మూలన మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత. గునపం కంకరకి తగిలి రెండుసార్లు చెయ్యి జివ్వుమంది. రోజూ చెత్త వేసి పైన పిడికెడు మట్టి చల్లడం, అంతే పద్ధతి.

టమాటా కిలో వంద దాటింది. రైతుబజారులో 50 రూపాయల సబ్సిడీ టమాటాకి మా ఆయన గంట సేపు లైన్లో నిలబడి వచ్చాడు. ఈ వారం చెత్తలో టమాటా తొడిమె తప్ప టమాటా ముక్క లేదు. ధర పెరిగితే చెత్త తగ్గుతుందన్న సూత్రం మా పిల్లలకి చెప్పాలి.

బొప్పాయి మొక్కలు రెండు పెట్టాను, గట్టు చేసి దాని మీద. బొప్పాయి మొదట్లో ఒక్కరోజు నీళ్ళు నిలిచినా వేరు కుళ్ళుతుంది.

23 జూలై

ఓడిపోయాను. వారం రోజులుగా ముసురు. గుంత నిండా నల్లటి నీళ్ళు, పైన తేలుతున్న సొరకాయ చెక్కు, వాసనైతే మురుగ్గాలవ. పక్కింటి వదిన మర్యాదస్తురాలు, "మీ సెప్టిక్ ట్యాంకు ఏమైనా నిండిందా?" అని అడిగింది.

కారణం వెతకడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, జూన్‌లో నేనే కొలిచాను కదా. నీళ్ళు ఇంకని మట్టిలో గుంత తవ్వితే అది గుంత కాదు, తొట్టి. నీళ్ళు నిండితే గాలి పోతుంది. గాలి లేనిచోట పనిచేసే సూక్ష్మజీవులు వేరు, వాటి వాసనా వేరు. మెరక నేలల్లో, ఇసుక నేలల్లో గుంత బాగుంటుందేమోగాని మా డెల్టా మట్టికి వానాకాలంలో పనికిరాదు.

అది చాలదన్నట్టు మొన్న రాత్రి పందికొక్కు. మిగిలిన పప్పన్నం కూడా గుంతలో వేశాం, అదీ మా తప్పు. గుంత పక్కనుంచి బొరియ తీసి, నిమ్మచెట్టు మొదలు దాకా సొరంగం తవ్వింది. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కు నుంచే పుట్టిన మాట. తెలుగు నుంచి ప్రపంచానికి వెళ్ళిన మాటల్లో ఇంత బలంగా తవ్వేది ఇంకోటి ఉండదు.

గుంత పూడ్చేశాను. పైన రెండు కందదుంపలు పాతాను, ఏమవుతుందో చూద్దాం. ఇకనుంచి అన్నం, కూర, ఎముకలు డబ్బాలోకి రావు. అన్నం వీధి చివర కుక్కలకి. గేటు దాటకూడదన్న నియమం అప్పుడే సడలింది.

6 ఆగస్టు

రెండో ప్రయత్నం. 200 లీటర్ల నీలం డ్రమ్ము, పాతది, 700 రూపాయలు. లోపల ఏం నిల్వచేశారో అడిగి, తిండి సరుకుదేనని తేల్చుకుని తెచ్చాను. రసాయనాల డ్రమ్ములు కూడా అదే రంగులో ఉంటాయి, జాగ్రత్త. ఇనుప చువ్వ కాల్చి చుట్టూ జానెడు దూరంలో రంధ్రాలు పెట్టాం, అడుగున ఇంకొన్ని. నాలుగు ఇటుకల మీద నిలబెట్టాను. పందికొక్కు రాకుండా అడుగున ఇనుప జాలీ.

అసలు మార్పు డ్రమ్ము కాదు. ఈసారి ఎండువి కలుపుతున్నాను. చెత్తని కుళ్ళబెట్టే జీవులకి ఒక పాలు నత్రజనికి 25, 30 పాళ్ళ కర్బనం కావాలి. కూరగాయల తొక్కల్లో ఆ నిష్పత్తి 15, 20 దగ్గరే ఆగిపోతుంది. ఎండాకుల్లో 50 దాటుతుంది, చెరకు పిప్పిలో 100 పైమాటే. ఉత్త తొక్కలే వేస్తే మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా గాల్లోకి పోతుంది, మన ముక్కులోంచే. గుంత తవ్వకముందే ఈ లెక్క వేసుకోవాల్సింది.

చెరకురసం బండి అతన్ని అడిగితే వింతగా చూసి, "పిప్పి మీకెందుకమ్మా, ఎత్తి పారబోయడానికే నాకు ఖర్చు" అని బస్తా నింపి ఇచ్చాడు. ఎదురింట్లో బాదం చెట్టుంది, ఆకు రోజూ రాలుతుంది. రెండూ ఉచితం.

కొలత: ఒక డబ్బా తొక్కలకి రెండు డబ్బాలు ఎండువి. బరువులో కాదు, డబ్బాల్లో. అడుగున జానెడు మందం పిప్పి, పైన తొక్కలు, పైన ఆకులు, గుప్పెడు పెరటి మట్టి. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలిగాని నీళ్ళు కారకూడదు.

20 ఆగస్టు

వాసన లేదు. ఇంత చిన్న వాక్యం రాయడానికి రెండు నెలలు పట్టింది.

వాన కూడా లేదు. నెలంతా ఆకాశం వైపు చూడటమే.

10 సెప్టెంబర్

డ్రమ్ము మూత తీసి మా చిన్నది కేక పెట్టింది. బూడిదరంగు పురుగులు, వేలి గోరు పొడవున్నవి, వందల్లో, కళ్ళముందే తొక్కల్ని నమిలేస్తున్నాయి. అత్తయ్య కూడా ఈసారి నవ్వలేదు. "ఇంట్లో పురుగుల్ని పెంచుతున్నావేంటమ్మాయ్" అంది.

స్కూల్లో సైన్సు మేడం ఫొటో చూసి తేల్చింది. బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లపురుగులు. ఇంట్లో తిరిగే ఈగ కాదు. పెద్దయ్యాక ఈ ఈగ కుట్టదు, మన తిండి మీద వాలదు, దాని బతుకంతా పురుగుగా ఉన్నప్పుడు తిన్న తిండితోనే. ఇవి వచ్చాయంటే తడి కాస్త ఎక్కువైందని అర్థం. రెండు డబ్బాల ఆకులు ఎక్కువ వేసి కలిపాను. వారంలో తగ్గాయి. ఎదిగిన పురుగులు గోడ ఎక్కి బయటికి పాకితే గోరింకలు వరసగా కూర్చుని ఏరుకు తిన్నాయి. గోరింకల బరువు తూచే మార్గం దొరకలేదు.

19 సెప్టెంబర్

నిన్న వినాయక చవితి. మా ఇంటి పత్రి, పక్కింటి పత్రి, ఎదురింటివాళ్ళది కలిపి 11 కిలోలు. ఆకులే కదా అని ఎండువాటి లెక్కలో వేశాను. తప్పు. మారేడైనా, ఉత్తరేణైనా, గరికైనా పచ్చగా ఉన్నంతసేపూ అది నత్రజని లెక్కలోకే వస్తుంది. ఈ ఉదయం మూత తీస్తే ఆవిరి! స్కూల్ ల్యాబ్ థర్మామీటర్ పెడితే 52 డిగ్రీలు. మామూలుగా ఇంత చిన్న డ్రమ్ములో అంత వేడి పుట్టదు, దానికి గజం పొడవు, గజం వెడల్పు, గజం ఎత్తు పోగు కావాలి. బస్తా పిప్పి మొత్తం దించి తిరగేశాను. పత్రికి కట్టిన దారాలు మాత్రం అంత త్వరగా మగ్గవు, ముందే విప్పాలి.

8 అక్టోబర్

బీర పందిరి ఎక్కింది. పూత బోలెడు, పిందెలు మూడు రోజులకే పసుపు తిరిగి రాలిపోతున్నాయి. ఎరువు లోపమనుకున్నాను. లోపం నా టైమ్‌టేబుల్లో ఉంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నేను చూసేది పొద్దున. మా సందులో సాయంత్రం తేనెటీగలు లేవు. అందుకని స్కూలు నుంచి వచ్చాక ఐదున్నర, ఆరు మధ్య మగపువ్వు తెంపి, రేకులు వలిచి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకి రాస్తున్నాను. సొరకీ ఇదే వేళ. కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దున్నే.

పది పూలకి రాస్తే ఏడు నిలిచాయి.

22 అక్టోబర్

మొదటి డ్రమ్ము నిండింది. 77 రోజులు, తొక్కలు 68 కిలోలు, పత్రితో కలిపి 79. ఎండువి 36 కిలోలు. ఇక ఇందులో ఏమీ వేయకూడదు, వారానికోసారి కలపడమే. రెండో డ్రమ్ము మొదలు.

19 నవంబర్

కప్పు ఫైనల్. వీధి వీధంతా టీవీల ముందే. నేనొక్కదాన్నే పెరట్లో డ్రమ్ము తిరగేస్తున్నాను. మనవాళ్ళు ఎలా ఆడుతున్నారో లోపలినుంచి వచ్చే నిశ్శబ్దాన్ని బట్టే తెలిసిపోయింది.

కార్తీకమాసం కదా, రెండో డ్రమ్ములోకి పూజ పూలు, అరటి దొప్పలు, ఉసిరిక గింజలు బాగా వస్తున్నాయి. ఉల్లి, వెల్లుల్లి పొట్టు అసలు రావడం లేదు.

7 డిసెంబర్

మిచౌంగ్ తుఫాను మొన్న 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు రెండు రోజులు ఆపకుండా వాన, గాలి. కరెంటు నిన్న సాయంత్రం వచ్చింది.

పెరట్లో: బీర పందిరి పడిపోయింది. బొప్పాయి ఒకటి మొదట్లో విరిగింది, గుప్పిటంత కాయలు పద్నాలుగుతో. డ్రమ్ములు కదల్లేదు, ఒక్కోటీ మనిషి బరువు ఉంది మరి. మూతల మీద ఇటుకలు పెట్టడం మంచిదైంది. ఇటుకల మీద నిలబెట్టడం ఇంకా మంచిదైంది, కింద నుంచి నీళ్ళు పారిపోయాయి.

పచ్చి బొప్పాయి కూర మూడు పూటలు తిన్నాం. మిగతా కాయలు పంచాం. మాను మెత్తగా దూదిలా ఉంటుంది, కత్తిపీటతో ముక్కలు కోసి రెండో డ్రమ్ములో వేశాను. 9 కిలోలు.

అత్తయ్య వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. లంకలో అరటితోట పడిపోయింది. చుట్టుపక్కల కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. ఆవిడ ఫోన్ పెట్టేశాక నా బొప్పాయి సంగతి ఎవరితోనూ అనలేదు.

14 జనవరి 2024, భోగి

ఎదురింటి పిల్లలు బాదం ఆకులు బస్తాలకొద్దీ పోగేశారు, భోగిమంటకి. చలికాలం కదా, చెట్టు ఎర్రబడి ఒక్కసారిగా రాలుస్తోంది. ఏడాదికి సరిపడా నా సరుకు తెల్లారేసరికి బూడిదవుతుంది. రాత్రే బేరం పెట్టాను. మా విరిగిన కుర్చీ, పాత తలుపు చెక్క, పిడకల దండ మీకు, ఆకులు నాకు. ఒకడు పెద్దమనిషిలా ఆలోచించి, "ఆకులు పొగే ఆంటీ, చెక్కే మండుద్ది" అని ఒప్పేసుకున్నాడు. నాలుగు బస్తాలు. పొద్దున మంట చల్లారాక బూడిద కూడా తెచ్చుకున్నాను, ఒక డబ్బా. రంగులు వేసిన తలుపు చెక్క బూడిద అందులో కలిసిందని తర్వాత గుర్తొచ్చి, ఆ డబ్బా కూరగాయలకి కాకుండా అంట్లు తోమే గట్టు కింద పోశాను. ఆవేశంలో చేసిన బేరం.

మధ్యాహ్నం మొదటి డ్రమ్ము దించాం. మేస్త్రీల ఇసుక జల్లెడ అద్దెకి తెచ్చి జల్లించాం. మెత్తటి ఎరువు 24 కిలోలు, జల్లెడలో మిగిలినవి 6 కిలోలు. మిగిలినవాటిలో మామిడి టెంకలు, కొబ్బరి పీచు, మొక్కజొన్న కండెలు, ఇంకా గుడ్డు పెంకులు. పెంకులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. చేత్తో నలిపితే కూడా అంచులు గుచ్చుకుంటున్నాయి.

రంగు తడిసిన కాఫీపొడి. వాసన తొలకరి వాన పడ్డప్పుడు నేలనుంచి వచ్చేది. అత్తయ్య పిడికిలి నిండా తీసుకుని వాసన చూసి, ఏమీ అనకుండా తన కుంకుడుచెట్టు కుండీలో వేసుకుంది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను, వేయకుండా ఉండాల్సింది. ఇలాంటి ఎరువులో తడి తీసేస్తే కిలోకి నత్రజని 10 నుంచి 15 గ్రాములు. 24 కిలోల్లో మూడో వంతు తడి అనుకుంటే 16 కిలోలు. అంటే నత్రజని 160 నుంచి 240 గ్రాములు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. ఐదు నెలల నా చాకిరీ మొత్తం మహా అయితే అర కిలో యూరియాతో సమానం. మా ఆయనకి చెబితే నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళాడు.

21 జనవరి

యూరియా లెక్క మనసులో తొలుస్తూనే ఉంది. అందుకని ఎరువులో సగం ఒకేచోట వేశాను, నిమ్మచెట్టు ముందున్న నాలుగడుగుల మడిలో, జానెడు లోతు తవ్వి మట్టిలో కలిపి. మిగతాది మిరప ప్రయోగానికి, నిమ్మ మొదటికి.

మొదట విత్తుల పరీక్ష. ఎరువు పూర్తిగా మగ్గిందో లేదో తెలియడానికి రెండు పళ్ళేల్లో పది పది మెంతులు, ఒకదాంట్లో మట్టి, ఒకదాంట్లో సగం మట్టి సగం ఎరువు. నాలుగో రోజుకి తొమ్మిది, తొమ్మిది. మగ్గినట్టే.

11 ఫిబ్రవరి

మిరప: తొమ్మిది కుండీలు, ఒకే నారు. మూడింటికి ఉత్త మట్టి. మూడింటికి అరటితొక్కలు మూడు రోజులు నానబెట్టిన నీళ్ళు, వారానికి రెండుసార్లు. మూడింటికి కిలో చొప్పున ఎరువు.

అరటితొక్క నీళ్ళ గురించి వీడియోలు చూస్తే మిరపకాయలు ఆకులకంటే ఎక్కువ కాస్తాయి. నా అనుమానం రాసి పెడుతున్నాను: తొక్కలో పొటాషియం ఉంది, నిజమే. కాని మొక్క ఎదిగే వయసులో అడిగేది నత్రజని, అది అందులో కొంచెమే.

10 మార్చి

టమాటాలు! నేను విత్తలేదు. ఎరువు కలిపిన మడిలో ఎక్కడపడితే అక్కడ మొలిచాయి, చెత్తలో పడ్డ గింజలు. మనది సగం వేడెక్కిన డ్రమ్మే కదా, గింజలు చావలేదు. వంద రూపాయలు పోసి కొన్న టమాటా కడుపున పుట్టినవని మా ఆయన వాటికి పెద్ద గౌరవం ఇస్తున్నాడు.

మొదటి కాయలకి కింద నల్లటి మచ్చ, నాణెమంత. కాల్షియం లోపం, గుడ్డు పెంకుల పొడి వేయమని తెలిసినవాళ్ళంతా అంటున్నారు. జల్లెడలో గుచ్చుకున్న పెంకులు ఇంకా గుర్తున్నాయి నాకు, ఐదు నెలల్లో కరగనిది పది రోజుల్లో కరుగుతుందా? మామూలుగా మన నల్లమట్టిలో సున్నానికి కొరత ఉండదు. ఉన్న కాల్షియం కాయ దాకా చేరాలంటే నీళ్ళు తెగకుండా అందాలి. పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు ముంచేస్తున్నాను, అదీ సంగతి. మొదట్లో జానెడు మందం బాదం ఆకులు పరిచి రోజూ చెంబెడు చెంబెడు పోయడం మొదలుపెట్టాను.

31 మార్చి

కొత్త టమాటాలకి మచ్చ లేదు. పెంకులు వేయలేదు.

జామకాయల్లో పురుగు. పండు ఈగ. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే పాత చీర గుడ్డ సంచులు కట్టాలని తెలిసేసరికి ఆలస్యమైంది. పాడైన కాయల్ని డ్రమ్ములో వేయలేదు, నీళ్ళ బకెట్‌లో రెండు రోజులు ముంచి, పురుగు చచ్చాక వేశాను. లేకపోతే వాటిని మనమే పెంచినట్టు.

14 ఏప్రిల్

మిరప మొదటి కోతలు కలిపి: ఉత్త మట్టి మూడు కుండీలు 210 గ్రాములు. అరటితొక్క నీళ్ళు 225. ఎరువు 540. తొమ్మిదిలో నాలుగు మొక్కలకి బొబ్బర వచ్చి ఆకు ముడిచింది, అన్ని రకాల్లోనూ. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టాను. కొత్తగా రావడం ఆగింది, వచ్చింది మాత్రం పోలేదు. మూడేసి కుండీలతో ఏదీ రుజువు కాదు, మా పదో తరగతివాడు ఇలా రాస్తే నేనే మార్కులు కోస్తాను. అయినా 15 గ్రాముల మిరపకాయల కోసం వంటింట్లో అరటితొక్కలు నానబెట్టి దోమలు పెంచే ఓపిక నాకు లేదు. తొక్కలు నేరుగా డ్రమ్ములోకే.

జీవామృతం కూడా ఒకసారి చేశాను. ప్రకృతి వ్యవసాయం సుభాష్ పాలేకర్ చెప్పే 200 లీటర్ల కొలతని పదో వంతుకి దించి: 20 లీటర్ల నీళ్ళు, కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజులు నీడన. వంగ, గోంగూరలకి పోశాను. ఆకు నిగనిగలాడింది. అదే వారం ఆకుల దుప్పటి కూడా పరిచాను కాబట్టి పేరు దేనికివ్వాలో తెలియదు.

ఇక అసలు సంగతి. జూన్‌లో చేసినట్టే అడుగు లోతు గుంత, ఎరువు కలిపిన మడిలో. నిండా నీళ్ళు. రెండు గంటల పది నిమిషాల్లో ఇంకిపోయాయి. పక్కనే కలపని చోట గుంత తవ్వితే ఐదు గంటలు దాటినా సగం అలాగే ఉంది. ఎండాకాలం కాబట్టి నెర్రెల్లోంచి నీళ్ళు జారి ఉండొచ్చు, అందుకే పక్కపక్కనే చూశాను. వానపాములు మొదటిదాంట్లో పదకొండు, రెండోదాంట్లో ఒక్కటీ లేదు. అర కిలో యూరియా ఈ పని చేయదు. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఈసారి వరండాలోకి వెళ్ళలేదు.

5 మే

44 డిగ్రీలట. గోంగూర, బచ్చలి తప్ప ఏదీ తలెత్తడం లేదు. నిమ్మచెట్టు పక్కన రెండు పాత మట్టికుండలు మెడదాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టాను. కుండ చెమట పట్టినట్టు నీళ్ళు మెల్లగా వదులుతుంది, రెండు రోజులకోసారి నింపితే చాలు. నిమ్మకి ఈసారి పూత నిలిచింది. లెక్కపెట్టడం మానేశాను, అరవై దాటాక.

14 మే

నిన్న పోలింగ్. రెండు రోజులు ఎన్నికల డ్యూటీలో ఉండి తిరిగొచ్చేసరికి మా ఆయన ఇల్లు శుభ్రం చేశాడు. కొత్త ఆవకాయకి జాడీ ఖాళీ చేయాలని నిరుటి ఆవకాయ, మూడు కిలోలకి పైనే, ఊటతో సహా మూడో డ్రమ్ములోకి బోర్లించాడు. "వంటింటి చెత్తే కదా" అన్నాడు, ఎంతో అమాయకంగా.

ఉప్పు మగ్గదు. నూనె గాలి ఆడనివ్వదు. పైపైన ఉన్నది చేటలోకి తీశాను గాని ఊట అప్పటికే కిందికి దిగిపోయింది. అత్తయ్య ఒక్క మాటే అంది: "కుడితిలో ఆవకాయ పోస్తే బర్రె మూతి పెట్టేది కాదురా."

9 జూన్

మూడో డ్రమ్ములో పురుగూ లేదు, వేడీ లేదు, వాసన ఆవకాయది. నాలుగు బకెట్ల నీళ్ళు పోసి కడిగి, కారిన నీళ్ళు గేటు బయట కాలవలోకి మళ్ళించాను. మెంతుల పరీక్ష: మట్టిలో తొమ్మిది, ఇందులో రెండు. దీన్ని మొక్కలకి వాడను. రెండు బస్తాల ఆకులు కలిపి వానాకాలమంతా మూత లేకుండా వదిలేస్తాను, వానే కడగాలి.

రెండో డ్రమ్ము ఎరువు మాత్రం బ్రహ్మాండం. 27 కిలోలు. జూలైలో పూడ్చేసిన గుంత మీది కంద ఫిబ్రవరిలో తవ్వితే ఒక్క దుంప ఆరు కిలోలు తూగింది, ఆ సంగతి అప్పుడు రాయడం మర్చిపోయాను. ఓడిపోయిన గుంత గెలిపించిన పంట అదొక్కటే.

23 జూన్ 2024, ఆదివారం

ఏడాది లెక్క: తూకం వేసిన తడిచెత్త 318 కిలోలు. గేటు దాటినవి అన్నం, ఎముకలు, ఆ కడిగిన ఊట. నిమ్మకాయలు ఇప్పటికి 41 కోశాం, చెట్టు మీద ఇంకా ఉన్నాయి.

ఎదురింటివాళ్ళు పైన అంతస్తు వేస్తున్నారు. బాదం చెట్టు కొట్టేస్తారట, వచ్చే నెల. తడిచెత్తకి మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు, నాకు దొరకాల్సింది ఎండుది. భోగినాడు బేరమాడిన నాలుగు బస్తాల్లో ఒక్కటి మిగిలింది. వానలు మొదలైతే చెరకురసం బండి కూడా కనిపించదు. అత్తయ్య తమ్ముడు వరిగడ్డి ఇస్తానన్నాడు గాని లంక నుంచి తేవాలంటే ఆటో కిరాయి గడ్డి ధర దాటుతుంది. వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టు ఉంది, ప్లైవుడ్‌ది కలవకుండా ఉత్త టేకుదే కావాలని అడగాలి.

సాయంత్రం సెంటర్ దాకా వెళ్ళి రావాలి. బండి అతను వానాకాలం ఎక్కడ ఉంటాడో కనుక్కోవాలి.